పాటు మీద వెళ్లండి

కోరంగి మడ అడవి చూడ్డానికి ఎప్పుడు వెళ్లాలని అడిగితే, నెల కన్నా ముందు తిథి చూసుకోమంటాను. చాదస్తమేమీ కాదు. కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టి వెళ్లినవాళ్లు చాలామంది చెక్కల వంతెన మీద ఫోటోలు దిగి, పడవెక్కి, “జంతువులేం కనపళ్లేదండీ” అంటూ తిరిగొస్తారు. పోటు మీద వెళ్లుంటారు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఆ అడవి తలుపులు వేసుకున్న ఇల్లు.

పాటు తీశాక చూడాలి. కాలువ గట్టున బురద బయటపడుతుంది. ఉప్పుబురదలో గాలి ఆడదు కనుక తెల్లమడ చెట్లు వేళ్లనే పైకి పంపుతాయి. జానెడేసి పుల్లలు గుచ్చినట్టు నేలంతా అవే. వాటి మధ్య, ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెరిగిన మగపీత దాన్ని ఊపుతూ ఆడపీతను పిలుస్తుంటుంది. గుడ్లు మిటకరించిన చిన్న చేపలు నీళ్లొదిలి, రెక్కల మీద బురదలో పాకుతాయి. ఒళ్లు తడిగా ఉన్నంతసేపూ చర్మంతోనూ ఊపిరి తీసుకోగలవవి. ఇవన్నీ వెళ్లగానే కనపడవు. మన అడుగుల అదురుకి కన్నాల్లో దూరినవి, కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే పైకొస్తాయి. ఇక్కడ నడక కన్నా నిలబడటమే పెద్ద పని.

అమావాస్యకీ పౌర్ణమికీ పోటూ పాటూ రెండూ ఎక్కువ. అష్టమి నాటికి మందగిస్తాయి. వేళ కూడా రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. వేటకెళ్లేవాళ్లకి ఇది నోటిలెక్క. ఆదివారం చూసుకుని బయల్దేరే మనకే తెలీదు.

బావురుపిల్లి బొమ్మ చూసి ఆశపడొద్దు. అది ఎక్కువగా రాత్రిపూట తిరిగేది, బురదలో దాని అడుగులు దొరికినా భాగ్యమే. నీటికుక్కలు కనపడే అవకాశం కొంత మెరుగు. హోప్ ఐలండ్ సంగతీ అంతే. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రూ ఇసుకా మేటవేసి పెరిగిన ఆ దిబ్బ మీద శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, అదీ రాత్రిపూటే. పగటి పడవలో వెళ్లిన మనకి అది మంచి బీచి, అంతే.

ఒక్క జాగ్రత్త. చేతికందింది కదా అని కొమ్మలు విరవకండి. ఈ అడవిలో తిల్ల చెట్లున్నాయి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఆ ముక్క బండిలోనే చెప్పేయండి.