ముద్దుబొమ్మలు – నిజమైన మృగములు

హైదరాబాదు నగరమునకు పడమటి అంచున, నల్లగండ్లకు చేరువలో, 1974లో స్థాపింపబడిన కేంద్రీయ విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ ఉన్నది. దానిని ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల భూమి 2025 మార్చి, ఏప్రిల్ నెలలలో దేశమంతటను చర్చకు వచ్చినది. కంచ అనగా తెలంగాణలో పశువులు మేయు బీడునేల. రాతిగుట్టలు, పొదలు, చెట్లు గల ఆ నేలను ఐ.టి. మొదలగు సంస్థలకై అభివృద్ధి చేయ సంకల్పించిన ప్రభుత్వము మార్చి చివర యంత్రములతో చెట్లను తొలగింప నారంభించినది. విద్యార్థులు ఎదిరించిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించినది. ఆ భూమి ఎవరిది, అది అడవియా కాదా అను వివాదము న్యాయస్థానముల పరిధిలోనిది. ఇచ్చట పరిశీలింపవలసినది ఆ రోజులలో ఫోనుల తెరలపై వెల్లువగా వచ్చిన బొమ్మలను గూర్చి మాత్రమే.

సరిగా ఆ మార్చి చివరి వారముననే చాట్‌జీపీటీ అను కృత్రిమ మేధ సాధనములో కోరిన బొమ్మను గీసి యిచ్చు మెరుగైన క్రొత్త సౌకర్యము వచ్చినది. జపాను దేశపు జిబ్లీ స్టూడియో చలనచిత్రముల శైలిలో బొమ్మలు చేయించుకొనుట లోకమంతటికి ఒక వేడుక అయినది. ఈ వేడుకయు, కంచ గచ్చిబౌలి కలతయు ఒకే సమయమున వచ్చినవి. విశ్వవిద్యాలయములో మష్రూమ్ రాక్ అని పేరొందిన పుట్టగొడుగు ఆకారపు బండ ముందర మట్టి తవ్వు యంత్రములు, వానికెదురుగా నెమలి, జింకలు నిలిచియున్న బొమ్మ అట్టివానిలో మిక్కిలి ప్రచారము పొందినది. రంగులు మెత్తనివి, గీతలు గుండ్రనివి. చూచినవారి మనస్సు వెంటనే కరుగును.

మనస్సు ఎందుకు కరుగును? దీనికి 1943లోనే కాన్రాడ్ లోరెంజ్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఒక సమాధానము చెప్పెను. దేహముతో పోల్చిన పెద్ద తల, ఎత్తైన నుదురు, ముఖమున క్రిందుగా అమరిన పెద్ద కన్నులు, ఉబ్బిన బుగ్గలు, పొట్టి కాళ్లు చేతులు – ఇవి పసిపాప లక్షణములు. వీనిని చూచినంతనే పెద్దవారిలో లాలించు కోరిక కలుగును. తల్లి ఒడి లేనిదే బ్రతుకజాలని మానవ శిశువునకు ఇది రక్షణ కవచము వంటిది. ఇవే లక్షణములు కుక్కపిల్లలో కనబడినను, కాగితముపై బొమ్మలో కనబడినను మనలో ఆ కోరిక మేలుకొనును. 2009లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, శిశువుల ఫోటోలలో ఈ లక్షణములను పెంచియు తగ్గించియు బిడ్డలు లేని స్త్రీలకు చూపిరి. లక్షణములు పెరిగిన కొలది వారి మెదడులో సంతృప్తికి సంబంధించిన ఒక భాగము హెచ్చుగా పనిచేసినది.

బొమ్మలు గీయువారు ఈ రహస్యమును శాస్త్రజ్ఞులకంటె ముందే చేతితో పట్టుకొనిరి. 1928లో తెరపై ప్రసిద్ధికెక్కిన మికీ మౌస్ మొదట కొంటె ఎలుక, కొంత మోటు కూడ. ఏండ్లు గడచిన కొలది అతడు మర్యాదస్థుడైనాడు, ముఖము పసిదైనది. అమెరికా జీవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గూల్డ్ 1979లో ఈ మార్పును కొలిచి చూపెను. కంటి పరిమాణము తల పొడవులో 27 శాతమునుండి 42 శాతమునకు, తల పొడవు దేహపు పొడవులో 42.7 నుండి 48.1 శాతమునకు పెరిగెను. మికీ వయస్సు పెరుగుచుండ రూపము మాత్రము శైశవమునకు మరలినదన్నమాట.

ఇప్పుడు కంచ గచ్చిబౌలి జింక వద్దకు వత్తము. అచ్చటి చుక్కల దుప్పి కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండును. అందుచేతనే మెడ త్రిప్పకయే చాలమేర చూడగలదు. పొంచియున్న శత్రువును పసిగట్టవలసిన ప్రాణికి అట్టి చూపు అవసరము. ముద్దుబొమ్మలు గీయు పద్ధతిలో ఆ కన్నులు పెద్దవై ముందుకు జరుగును, మూతి పొట్టిదగును. అప్పుడు అది మనవైపు చూచి జాలి కోరు బిడ్డయగును. దుప్పికి స్వభావమైన అప్రమత్తత, కొమ్ముల పోరు, మందలోని కూత, పరుగు – ఇవి బొమ్మలో మిగులవు. మనము ప్రేమించినది దుప్పిని కాదు, దుప్పి తోలు కప్పుకొన్న మన శిశువునే.

ఇంత మాత్రమున ఆ బొమ్మలు వ్యర్థమనరాదు. గచ్చిబౌలి పేరు వినని దూరప్రాంతముల వారుకూడ ఒక బీడునేలను గూర్చి ఆలోచించిరి. 1961లో స్థాపింపబడిన ప్రపంచ వన్యప్రాణి నిధి పాండాను తన గుర్తుగా ఎన్నుకొన్నది. నల్లని మచ్చలచే పెద్దవిగా తోచు ఆ కన్నులు ఎన్నో ఇతర ప్రాణులకు కూడ సాయము తెచ్చినవి. ముద్దుదనము తలుపు తట్టగలదు. అయితే తలుపు తెరచిన పిమ్మట లోపలికి ఎవరిని పిలుతుము అనునదియే ప్రశ్న.

ఈ బొమ్మల మొదటి లోపము సాక్ష్యమునకు సంబంధించినది. కృత్రిమ మేధతో చేసిన చిత్రములు ప్రజలను తప్పుదారి పట్టించుచున్నవని ప్రభుత్వము ఆక్షేపించినది. అట్టి బొమ్మను పంచుకొన్న ఒక ఐ.ఏ.యస్. అధికారికి పోలీసుల నోటీసు కూడ అందినది. కల్పిత చిత్రములు నిజమైన ఫోటోలతో కలసి తిరిగినప్పుడు కల్పితమువలన నిజమునకును అనుమానము అంటుకొనును. సుప్రీంకోర్టు బొమ్మలపై ఆధారపడలేదు. హైకోర్టు రిజిస్ట్రారును స్వయముగా వెళ్లి చూచి రమ్మన్నది. సుమారు 100 ఎకరములు చదును చేయబడినవనియు, నెమళ్లు, జింకలు, పక్షులు కనబడినవనియు ఆ నివేదిక తెల్పినది. మెత్తని రంగులు లేని ఆ కొన్ని వాక్యములే పనిని ఆపించినవి.

రెండవ లోపము ఇంకను లోతైనది. అది ఎంపికలోనిది. 2010లో హైదరాబాదు ప్రాంతమునుండి శాస్త్రమునకు క్రొత్తగా పరిచయమైన ఒక సాలెపురుగు కలదు. దాని పేరు మురిసియా హైదరాబాదెన్సిస్. ఈ నేలకు ప్రత్యేకమైన జీవిగా 2025 ఉద్యమకాలమున దాని పేరు పలుమార్లు వినబడినది. ఈ కుటుంబపు సాలెపురుగులు బెరడు రంగులో కలసిపోయి చెట్టు మ్రానును అంటిపెట్టుకొనియుండును. వెనుక రెండు తోకలవలె పొడవైన దారపు అవయవములుండును. ఎరచుట్టు వేగముగా తిరుగుచు దారముతో బంధించుట వీని నేర్పు. చుక్కల దుప్పి మన దేశమున అనేక అడవులలో ఉన్నది. నగరపు పేరును తన పేరులో మోయు ఈ సాలెపురుగు గతి అట్టిది కాదు. కాని దానికి ఉబ్బిన బుగ్గలు లేవు. కన్నులా, ఎనిమిది! కావున ప్రచారము పొందిన బొమ్మలలో నెమలియు జింకయు నిలిచినవి, సాలెపురుగు నిలువలేదు. మనకు ముద్దు వచ్చునది మాత్రమే రక్షణకు అర్హమైనచో, బెరడును, గడ్డిని, పొదను, పురుగును ఎవరు చూచుకొందురు? అవి లేనిచో జింకకు మాత్రము తావెక్కడ?

జిబ్లీ శైలిని అనుకరించిన యంత్రము ఆ స్టూడియో హృదయమును మాత్రము పట్టుకొనలేదు. హయావో మియజాకి 1988లో మెత్తని ముద్దు జీవియైన టొటోరోను సృష్టించిన మాట నిజమే. అదే దర్శకుడు 1997 నాటి ‘ప్రిన్సెస్ మోనొనోకె’లో అడవిపందులను, తోడేళ్లను కోపముతో మానవులపై తిరుగబడు జీవులుగా చూపెను. అచ్చటి అడవి అందమైనదియే, భయంకరమైనది కూడ.

తెలుగు విద్యార్థికి దగ్గరి ఉదాహరణము మరొకటి కలదు. 1853లో వెలువడిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ మిత్రలాభములో చిత్రాంగుడను జింకకు తోడుగా కాకి, ఎలుక, తాబేలు ఉన్నవి. వేటగానికి చిక్కిన తాబేలును విడిపించుటకు జింక చచ్చినట్లు పడియుండును, కాకి దానిపై వ్రాలును, ఎలుక కట్లు కొరుకును. ఈ నలుగురిపై మనకు కలుగు ప్రేమ వారి రూపమువలన కలిగినది కాదు. ఎవరు ఏ పని చేయగలరో తెలియుటవలన కలిగినది. మంచి జీవశాస్త్ర పాఠము చేయవలసిన పని కూడ ఇదియే.

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక గంటలో తరగతికి చూపవచ్చును. నిజమైన దుప్పి ఫోటోను, ముద్దుబొమ్మలోని జింకను ప్రక్కప్రక్కన ఉంచి, రెండింటిలోను కంటి పొడవును, తల పొడవును స్కేలుతో కొలిపించి శాతము కట్టించవలెను. ఆ తేడాయే బొమ్మ మనస్సుపై చేయు పనికి కొలత. తరువాత విద్యార్థులను పాఠశాల ఆవరణలోని ఏదైన ఒక చెట్టు వద్దకు తీసికొనిపోయి, బెరడుపై పది నిమిషములు కదలక చూడుమని చెప్పవలెను. అచ్చట కనబడిన ప్రతి ప్రాణిని వారు ఉన్నదున్నట్లు గీయవలెను – కాళ్లెన్ని యుండిన అన్ని, కన్నులెంత యుండిన అంత.