‘నిరీక్షణ’ పదవిచారము – చంద్రపూరు తెలుగు క్రైస్తవుల వాడుక

గ్రీకు మూలమున ‘ఎల్పిస్’ అని యున్న చోట తెలుగు బైబిలునందు ‘నిరీక్షణ’ అను మాట నిలిచినది. కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రికలో, 13వ అధ్యాయపు తుదిని, విశ్వాసమునకును ప్రేమకును నడుమ నున్న మాట యిదియే. అదే స్థలమున మరాఠీ, హిందీ బైబిళ్లలో ‘ఆశ’ కలదు. తమిళమున ‘నంబిక్కై’, మలయాళమున ‘ప్రత్యాశ’, కన్నడమున ‘నిరీక్షె’. ఒక్క పదమునకు ఇరుగుపొరుగు భాషలు ఇన్ని త్రోవలు త్రొక్కినవి. మహారాష్ట్రమునందలి చంద్రపూరు జిల్లాలో నివసించు తెలుగు క్రైస్తవులకు ఈ భేదము పండితచర్చ మాత్రమే కాదు. వారు ఆదివారమున తెలుగు బైబిలు చదువుదురు. తక్కిన ఆరు దినములు మరాఠీ హిందీల నడుమ బ్రదుకుదురు.

ఈ ప్రాంతపు తెలుగువారందరును పొట్టకూటికి వలస వచ్చినవారే యనుకొనుట పొరపాటు. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలోనిది. పిదప నాందేడు జిల్లాలో చేరి, 1959లో నాటి చాందా జిల్లాలో కలిసినది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడువరకు సిరొంచయు చాందాలోనిదే. అచటి ప్రజల యింటిమాట తెలుగు. బల్లార్పూరు, ఘుగ్గుస్, దుర్గాపూరు బొగ్గుబాయిలకును, బల్లార్పూరు కాగితపు మిల్లునకును పనికై వచ్చినవారు వీరికి తోడైరి. స్కాట్లండు ఎపిస్కోపల్ సంఘమువారు చాందాలోను, అమెరికా మెథడిస్టులు సిరొంచలోను 19వ శతాబ్దమునందే మిషన్లు స్థాపించిరి.

ఇచటి బడిపిల్లవానిని ‘నిరీక్షణ’ యననేమని యడిగినచో అతడు తడుముకొనక సమాధానము చెప్పును. మరాఠీలో ‘నిరీక్షణ్’ అనగా పరిశీలించుట. విజ్ఞానశాస్త్ర ప్రయోగమును వ్రాయునపుడు ముందు ‘కృతి’, పిదప ‘నిరీక్షణ్’, ఆ పిదప ‘అనుమాన్’ అని వ్రాయుట అతని కభ్యాసము. మరాఠీ ‘అనుమాన్’ తెలుగున సందేహమగును గనుక, తెలుగు చెవికి ఆ పుటలో నిరీక్షణ వెంటనే అనుమానము వచ్చి కూర్చుండును! నవ్వు పుట్టించు విషయమే గాని, అదే బాలుడు తాతగారి సమాధి చెంత పాస్టరుగారి నోట ‘నిరీక్షణ’ యను మాట విన్నపుడు అతని మనస్సునకు ఏమి చేరునని యడిగినచో నవ్వు ఆగిపోవును. కొందరు బోధకులు ఈ చిక్కు నెరిగి, ‘నిరీక్షణ, అంటే ఆశ’ అని వెంటనే మరాఠీ మాటను తగిలించుచున్నారు. ఈ సవరణ సరియైనదేనా యనునది విచార్యము.

తెలుగున ‘ఆశ’ అపకీర్తి పొందిన మాట. ఆశపోతు, పేరాశ, అత్యాశ, దురాశ – దాని బంధువర్గ మంతయు ఇట్టిదే. భాగవతమున వామనచరిత్రము, శంకరుల పేర ప్రసిద్ధమైన భజగోవిందము, వేమన పద్యములు, ఇవి యన్నియు ఆశను కట్టివేయు త్రాడుగానో కాల్చివేయు నిప్పుగానో చూపినవి. ‘ఆశపెట్టెను’ అన్నచో మోసగించె ననియే లోకము గ్రహించును. మరాఠీలోను ‘ఆశాళభూత్’ వంటి నిందావాచకములు లేకపోలేదు. ఐనను అచట ‘ఆశా’ ఆడుబిడ్డకు పెట్టుకొను ముద్దుపేరై నిలిచి, మచ్చను చాలవరకు కడిగికొన్నది. తెలుగు శ్రోతకు ‘క్రీస్తునందలి ఆశ’ అన్నచో ఏదో పొందగోరుచున్నట్లు తోచునే గాని, ఒకరిని నమ్మి నిలిచియున్నట్లు తోచదు. కావున అనువాదకుల ఎన్నిక సాహిత్యదృష్టితోను సమర్థనీయమే.

అయితే ‘నిరీక్షణ’లో ఒక విచిత్రము దాగియున్నది. దాని ధాతువు చూచుటను తెలుపును. భగవద్గీత మొదటి అధ్యాయమున అర్జునుడు ఎదుటి సేనను చూడగోరునపుడు వాడినది ఈ క్రియయే. రోమీయులకు వ్రాసిన పత్రికలో 8వ అధ్యాయమున పౌలు చెప్పినదో, కంటికి కనబడినదానికై ఇక ఎదురుచూచుట యుండదని. చూపునుండి పుట్టిన మాట, కనబడనిదానికి పేరైనది. మరాఠీ చూపును మాత్రమే నిలుపుకొన్నది. తెలుగు చూపునకు కాలమును జోడించి ఎదురుచూపుగా మార్చినది. బాలుని పొరపాటు నిజమునకు సగము పొరపాటే.

అనువాదము అంతటను ఒకే తీరున లేదు. సామెతల గ్రంథము 13వ అధ్యాయమున ఫలింపని ఎదురుచూపును గూర్చిన వాక్యమునందు ‘కోరిక’ యున్నది. విలాపవాక్యములు 3వ అధ్యాయమున ‘ఆశ’యు ‘నిరీక్షణ’యు రెండును కలవు. యెరూషలేము కూలిన పిమ్మట వెలువడిన దుఃఖమున ఆ రెండును ప్రక్కప్రక్కన కనబడుట చదువరిని కొంత తికమక పెట్టును. అన్నిటికంటె చక్కని ఎన్నిక 130వ కీర్తనలోనిది. రాత్రి కావలివారు తెల్లవారుటకై చూచునట్టి చూపును చెప్పుటకు అచట ‘కనిపెట్టు’ అను అచ్చతెలుగు క్రియను వాడిరి. నేడు ‘కనిపెట్టు’ అన్నచో క్రొత్తదానిని కనుగొనుట యని బడి నేర్పును. కాని ఇంటిని, పసిబిడ్డను, మంచమున నున్న ముసలితల్లిని ‘కనిపెట్టుకొని ఉండు’ అనునపుడు అందు చూపును గలదు, వేచియుండుటయు గలదు, కాపాడుటయు గలదు. ఈ మూడవ అర్థము ‘నిరీక్షణ’కు లేదు, ‘ఆశ’కు అసలే లేదు.

వేచియుండుట తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఒకమారు పరీక్షకు వచ్చినది. 1876–78 నాటి మహాక్షామమున ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపెను. వారిలో పెక్కుమంది బాప్తిస్మము కోరిరి. కూటికై మతము పుచ్చుకొని రను మాట రాకుండ, సహాయము సాగినంతకాలము ఆయన ఇయ్యక నిలిపివేసెను. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను సంఘచరిత్రకారులు గర్వముతో చెప్పుదురు. అంతకుముందు గడచిన మాసములను గూర్చి చెప్పువారు తక్కువ; నిరీక్షణ యున్నది ఆ మాసములందే.

ఇచటనే ఎదురుప్రశ్న పుట్టును. వేచియుండుడని బోధించుట సుఖముగా నున్నవారికి సులభము. ఎంతకాలము? ఈ ప్రశ్నను తెలుగు కవిత్వమున గట్టిగా నడిగినవాడు క్రైస్తవకుటుంబమున జన్మించిన గుఱ్ఱము జాషువ. 1941లో వెలువడిన ‘గబ్బిలము’నందు, గుడిలోనికి రానీయబడని నిరుపేద తన మొఱను శివునికి చేర్చుటకు గబ్బిలమును వేడుకొనును, అశుభమని లోకము ఏవగించుకొను ఆ ప్రాణికి గర్భగుడిలో అడ్డులేదు గనుక. ఆ కావ్యనాయకుడు ఎదురుచూచువాడే, కాని నోరుమూసికొని కాదు. 1958 నాటి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించుటచే, జాషువలోని క్రైస్తవమును ఆ గ్రంథముననే వెదకుట విమర్శకులకు వాడుకయైనది. నిరీక్షణను గూర్చిన విచారమునకు మాత్రము ‘గబ్బిలము’ హెచ్చు ఉపకరించును. మొఱపెట్టుటయు నిరీక్షణలోని భాగమే యని కీర్తనల గ్రంథము పదేపదే చూపుచుండగా, ఆ భాగమును ప్రసంగములకంటె జాషువ కావ్యమే బాగుగ నిలుపుకొన్నది.

చంద్రపూరు బొగ్గుబాయి కుటుంబములకు ఎదురుచూపు ఉపమానము కాదు. షిఫ్టు ముగియు వేళ తెలిసిన ఇల్లాలు, ఆ వేళ దాటిన ప్రతి నిమిషమును లెక్కించుకొనును. ప్రక్కయింటి స్త్రీ వచ్చి గడపలో కూర్చుండును. ఆమె క్రైస్తవురాలు కావచ్చును, కాకపోవచ్చును. 2020 మార్చి నుండి నవంబరు వరకు మహారాష్ట్రమున ప్రార్థనాలయములు మూతపడియుండగా, గడప దాటి వచ్చువారు లేని కాలమున ఫోనులోని గొంతే ఆ పని చేయవలసి వచ్చినది. ఇట్టి వేళ ‘ఆశ పెట్టుకో’ అన్నచో మాట తేలిపోవును. ‘నిరీక్షణ కలిగియుండుము’ అన్నచో గంభీరముగనే యుండును గాని దూరముగ నుండును. ‘కనిపెట్టుకొని ఉంటాములే’ అన్నచో చెప్పినవాడును అందు బద్ధుడగును.

కావున బోధకులు ‘నిరీక్షణ’ను మార్చ నక్కరలేదు, దాని ప్రక్కన ‘ఆశ’ను తగిలించుటయు మంచిది కాదు. 130వ కీర్తనను తెరచి, కావలివాని కథ చెప్పి, ‘కనిపెట్టు’ను చూపవలెను. చంద్రపూరు పిల్లవానికి రాత్రి షిఫ్టు తెలియును, ఇంట దీపమార్పక కూర్చున్న తల్లియు తెలియును. ప్రయోగపుస్తకములోని ‘నిరీక్షణ్’ను వాడు తప్పుగా నేర్చుకొనలేదని కూడ అప్పుడే చెప్పవచ్చును.