ముడి వేసే ముందు

ఇబ్రహీంపట్నం చుట్టూ ఫార్మసీ కాలేజీలకు కొదవ లేదు. అక్కడే కాదు, మన దేశమంతా ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ చదివేవాళ్లకు ఏళ్ల తరబడి ఆనవాయితీగా వస్తున్న ప్రాజెక్టు ఒకటుంది: ఫలానా ఆకు రసం కడుపులో పుండును ఆపుతుందా? ఎలుకకు మత్తిచ్చి, పొట్ట కోసి, జీర్ణాశయం చివర పైలోరస్ దగ్గర దారంతో ముడి వేస్తారు. కొన్ని గంటలయ్యాక దాన్ని చంపి, జీర్ణాశయాన్ని పెద్ద వంపు వెంట కత్తిరించి, లోపలి ఆమ్లం కొలిచి పుళ్లు లెక్కపెడతారు. 1945లో షే బృందం ప్రకటించిన పద్ధతి ఇది. అయితే ముడి వేయకముందే ఆ ఎలుక లోపల ఏ బ్యాక్టీరియా కాపురం ఉందన్న మాట ఇలాంటి థీసిసుల్లో అరుదు. అది ముందే తెలుసుకోవాలంటాను. అందుకు కత్తి అక్కర్లేదు.

ఎలుక హుషారుగా తిరుగుతోందిగా, ఇంకేం పరీక్ష అనవచ్చు. కానీ 1992లో అమెరికాలోని నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ వారి ఫ్రెడరిక్ కేంద్రంలో, ఏ రసాయనమూ ఇవ్వని కంట్రోల్ చిట్టెలుకలకు కాలేయంలో వాపు, కణితులు కనిపించాయి. కారణం హెలికోబాక్టర్ హెపాటికస్ అనే బ్యాక్టీరియా అని 1994లో తేల్చారు. కంట్రోల్ గ్రూపే జబ్బుపడితే ఇక దేన్ని దేంతో పోల్చాలి? మనిషి కడుపులో ఉండే హెలికోబాక్టర్ పైలోరీకి ఈ హెపాటికస్ దాయాది. ఎలుక జాతుల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటాయి, పైకి ఏమీ తెలియనివ్వవు. అసలు పైలోరీ జంతువులకు ఓ పట్టాన అంటలేదనే 1984లో వైద్యుడు బ్యారీ మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రావణం తనే తాగాడు. చిట్టెలుకలో నిలకడగా నిలిచే పైలోరీ రకం, సిడ్నీ స్ట్రెయిన్, 1997లో గానీ రాలేదు.

కత్తి లేకుండా చేసే పరీక్షల్లో ఊపిరి పరీక్ష వినడానికి సుబ్బరంగా ఉంటుంది. పైలోరీ దగ్గరున్న యూరియేజ్ ఎంజైము యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. కార్బన్-13 కలిసిన యూరియా తాగించి, ఊపిరిలో ఆ కార్బన్ పెరిగిందేమో చూస్తారు. రోగి అయితే సంచిలోకి ఊదుతాడు. చిట్టెలుకను చిన్న జాడీలో ఉంచి గాలి పట్టాలి. చిక్కు అక్కడ కాదు. దాని పేగుల్లో యూరియేజ్ ఉన్న ఇతర బ్యాక్టీరియా బోలెడు, హెపాటికస్‌తో సహా. పైగా ఎలుక తన పెంటికలు తనే తింటుంది. మేత ఆపినంత మాత్రాన కడుపు ఖాళీ అయినట్టు కాదు. యూరియా ఇచ్చిన తొలి నిమిషాల ఊపిరి జీర్ణాశయం సంగతి చెబుతుంది, ఆలస్యంగా పట్టిన గాలి పేగుల సంగతి కలిపి చెబుతుంది. అందుకే ప్రయోగానికి ముందు వడపోతకు పెంటికల్లో బ్యాక్టీరియా డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష మీదే నాకు నమ్మకం. ఊకలోంచి కాక, ఎలుక అప్పుడే వేసినవి శుభ్రమైన పట్టకారతో ట్యూబులోకి తీసుకుంటే చాలు.

పీసీఆర్ చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏను కూడా పట్టేస్తుందిగా అంటారు. నిజమే. బ్యాక్టీరియాను పోగొట్టే మందు వాడిన మర్నాడే పరీక్షించి నయం కాలేదనడం తప్పు. కొన్ని వారాలు ఆగాలి. జీర్ణాశయంలోని పైలోరీ పెంటికల్లో స్వల్పంగానే బయటపడుతుంది కాబట్టి నెగెటివ్‌ను గుడ్డిగా నమ్మకూడదన్న మాటా సబబే. చివర్లో కణజాలం కోసి చూడటం, కల్చర్ చేయడం తప్పదు. కానీ ఎలుకలకు పైలోరీని ఎక్కించి చేసే ప్రయోగంలో 2, 4, 8, 12 వారాల్లో బ్యాక్టీరియా నిలిచిందో లేదో తెలుసుకోవడానికే ప్రతిసారీ ఆరేసి ఎలుకలను చంపితే 24 ప్రాణాలు. అవే ఆరింటిని చివరిదాకా గమనిస్తే ఏ ఎలుకలో ఎప్పుడు ఏం మారిందో కూడా తెలుస్తుంది. 24ను చంపినా ఆ సంగతి తెలియదు. నాకు జాలికన్నా ముందు ఈ లెక్కే కనిపిస్తుంది, ఎథిక్స్ కమిటీ ముందు జాలి మాటే ఎక్కువ చెల్లుబాటైనా సరే.

ఇక ఖర్చు. చిన్న కాలేజీ యానిమల్ హౌస్‌కు ప్రతి ఎలుకకూ పీసీఆర్ భారమే. ఒకే బోనులో ఉన్నవి ఒకదాని నుంచి ఒకటి అంటించుకుంటాయి కాబట్టి బోనుకొక ట్యూబు కలిపి పంపినా వడపోతకు సరిపోతుంది. అంతకన్నా ముందు, ఎలుకలు అమ్మేవారిని హెల్త్ రిపోర్టు అడిగి అందులో హెలికోబాక్టర్ గడి ఉందో లేదో చూడటానికి పైసా ఖర్చు లేదు. ఆ ఫలితాన్ని థీసిసులో ఎలుక జాతి, బరువు, వయసు రాసే వాక్యం పక్కనే రాయవచ్చు.