అమ్మ నవలలకు వారసులు

ప్రేమ నవలల రచయిత్రి బార్బరా కార్ట్‌లండ్ 2000 మే 21న, 99వ పుట్టినరోజుకు సరిగ్గా ఏడు వారాల ముందు కన్నుమూశారు. అప్పటికి ఆమె ఇంట్లో అచ్చు కాని నవలలు 160 దాకా ఉన్నాయి. అచ్చయినవీ కానివీ కలిపితే ఆమె నవలల లెక్క 723. రాసే వేగాన్ని అచ్చువేసేవాళ్లు అందుకోలేకపోవడం వల్ల పోగుపడిన గుట్ట అది. ఒకే ఏడాది 23 నవలలు రాసి ఆమె గిన్నిస్ పుస్తకానికెక్కారు.

ఆమె కలం పట్టి రాసింది తక్కువ, చెప్పి రాయించింది ఎక్కువ. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో కామ్‌ఫీల్డ్ ప్లేస్ అనే పెద్ద ఇంట్లో, మధ్యాహ్న భోజనం అయ్యాక సోఫాలో వాలేవారు. కాళ్ల మీద దుప్పటి, వేడినీళ్ల సంచి, పక్కన పెంపుడు కుక్క. సెక్రటరీ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేది. ఒక పూటకు ఒక అధ్యాయం, రెండు వారాలకు ఒక నవల. పిల్లలకు దీనివల్ల ఒక మేలు జరిగింది. దొరికినవి కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతులు కావు, ముగింపు దాకా పూర్తయిన కథలు. తల్లి ఏం రాసిందో పోల్చుకుంటూ, మిగిలింది ఊహిస్తూ కూర్చోవలసిన పని వారసులకు లేకపోయింది.

ఆమెకు ఒక కూతురు, ఇద్దరు కొడుకులు. మొదటి పెళ్లి సంతానమైన కూతురు రెయిన్ పేరు లోకానికి తెలిసింది వేరే కారణంతో. ఆమె యువరాణి డయానాకు సవతి తల్లి. నవలల వ్యవహారం మాత్రం కొడుకు ఇయన్ మెకార్కడేల్ చేతిలో ఉండేది. తల్లి బతికుండగానే ఆమె రాతల లావాదేవీలు చూసినవాడు కాబట్టి, ఆమె పోయాక కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు. మిగిలిన నవలలను ‘పింక్ కలెక్షన్’ పేరుతో నెలకు ఒకటి చొప్పున బయటికి తెచ్చాడు. గులాబీ రంగు దుస్తులు లేకుండా ఆ రచయిత్రి ఫొటో దొరకడం కష్టం కనుక పేరు కుదిరింది.

ఇది వారసత్వాన్ని కాపాడడమా, నడుస్తున్న దుకాణాన్ని మూతపడకుండా చూడడమా అని అడగవచ్చు. రెండోదే అనాలి. అందులో తప్పేమీ లేదు. రాసింది అచ్చు కావాలనే రాసిన మనిషి ఆమె. అయితే వందల కొద్దీ నవలలకు అదే అచ్చులో పోసిన మరికొన్ని కలిసినంత మాత్రాన రచయిత్రి స్థానం పెరగదు. పాత పాఠకులకు కాలక్షేపం దొరుకుతుంది, కొత్తవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఏవి ముందు చదవాలో ఏరి చెప్పడం కూడా వారసుల పనే. ఇక్కడ ఆ పని వెనకబడింది.

జార్జెట్ హేయర్ కథ దీనికి పూర్తిగా ఎదురు దిక్కు. 1902లో పుట్టి 1974లో పోయిన ఈ రచయిత్రి 19వ శతాబ్దం తొలినాళ్ల ఇంగ్లండ్‌లో నడిచే ప్రేమకథలకు ఒరవడి పెట్టారు. ఇంటర్వ్యూలు ఇవ్వలేదు, సొంత బతుకు గురించి పెదవి విప్పలేదు. కార్ట్‌లండ్ తన నవలల నుంచి పేర్లూ వివరాలూ ఎత్తుకున్నారని 1950లో ఆరోపించినప్పుడు కూడా వ్యవహారాన్ని ఏజెంటు, లాయర్ల మధ్యే ఉంచారు. తన తొలి రచనల్లో నచ్చనివాటిని ఆమె మళ్లీ అచ్చు వేయనివ్వలేదు. 1923, 1930 మధ్య వచ్చిన నాలుగు సాంఘిక నవలలు, ‘ది గ్రేట్ రాక్స్‌హైత్’, 1925 నాటి ‘సైమన్ ది కోల్డ్‌హార్ట్’ ఆ జాబితాలోవి.

ఒక్కగానొక్క కొడుకు రిచర్డ్ రూజియర్ న్యాయవాది, తర్వాత హైకోర్టు జడ్జి. తల్లి పోయాక మూడేళ్లకు, 1977లో, ‘సైమన్ ది కోల్డ్‌హార్ట్’ మళ్లీ వచ్చింది. ఆ పుస్తకం విషయంలో అమ్మ తనమీద తానే మరీ కఠినంగా తీర్పు చెప్పుకుందని ఆయన అభిప్రాయం. సాంఘిక నవలల జోలికి మాత్రం పోలేదు. తల్లి మాటను ఒకచోట దాటి, మరోచోట నిలబెట్టిన ఈ పద్ధతి మీద ఎవరైనా వాదించవచ్చు. కానీ దేన్ని దాటాలో, దేన్ని దాటకూడదో ఒక్కో పుస్తకాన్నీ విడిగా చూసి తేల్చుకోవడం వారసుడు చేయగల పనుల్లో అన్నిటికంటే కష్టమైనది.

అంతకంటే పెద్ద మేలు కాగితాలు చూడనివ్వడం. కుటుంబం సహకరించడం వల్లనే జేన్ ఎయికెన్ హాడ్జ్ 1984లో హేయర్ జీవిత చరిత్ర తేగలిగారు. తర్వాత జెన్నిఫర్ క్లోస్టర్‌కూ ఆ సాయం అందింది. అప్పుడు బయటపడ్డవి నోట్‌బుక్కులు: టోపీల బొమ్మలు, బండ్ల రకాలు, అప్పటి ధరలు, వీధి భాష. వాటర్లూ యుద్ధం మీద నవలకు ఆమె పడ్డ శ్రమ లోకానికి తెలిసింది అలాగే. ‘ఆడవాళ్ల కాలక్షేపం’ అని పక్కన పెట్టిన రచయిత్రిని చరిత్ర బాగా తెలిసిన పనిమంతురాలిగా చూడడానికి ఆ నోట్‌బుక్కులు దారి తీశాయి. 160 కొత్త నవలలు చేయలేని పని అది.

హక్కుల సంగతి వేరు. పన్నుల భారం తట్టుకోలేక హేయర్ 1966లో 17 నవలల హక్కులున్న తమ కంపెనీని బుకర్ సంస్థకు 85,000 పౌండ్లకు అమ్మేశారు. రచయితల హక్కులు కొనే ఆ వ్యాపారంలోంచే 1969లో బుకర్ బహుమతి పుట్టింది. ప్రేమ నవలల వైపు కన్నెత్తి చూడని బహుమతికి పెట్టుబడిలో కొంత ప్రేమ నవలలదే! మరోవైపు, ఆమె వద్దనుకున్న 1923 నాటి పుస్తకాలకు అమెరికాలో కాపీరైటు 2018తో తీరిపోయింది. అక్కడ వాటిని ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. తల్లి ఇష్టానికీ కొడుకు కాపలాకూ చట్టంలో గడువుంది.

ఈ పనంతా కుటుంబాల మీదే పడడానికి కారణం, ప్రేమ నవలను సాహిత్య చరిత్ర చాలాకాలం లెక్కలోకి తీసుకోకపోవడం. మిల్స్ అండ్ బూన్ కాగితాలకు ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది, అది ప్రచురణ సంస్థ కనుక. విడి రచయిత్రికి ఆ వసతి తక్కువ. తెలుగులోనూ అంతే. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ‘డాక్టర్ చక్రవర్తి’గా తెరకెక్కింది, యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, ‘మీనా’, ‘జీవన తరంగాలు’ సినిమాలయ్యాయి. అద్దె లైబ్రరీల్లో అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారిన ఈ పుస్తకాలకు విమర్శకులిచ్చిన చోటు మాత్రం కొద్ది పేరాలు.

భారత చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. సులోచనారాణి 2018 మేలో కాలిఫోర్నియాలో మరణించారు. అంటే ఆమె నవలల హక్కులు 2078 చివరిదాకా ఉంటాయి. బతికుండగా అచ్చుకాని రచన అయితే ఆ 60 ఏళ్లు ప్రచురణ నుంచి లెక్కకొస్తాయి. వీలునామా లేకపోతే హిందూ స్త్రీ ఆస్తి భర్తకూ పిల్లలందరికీ సమానంగా పోతుంది, కాపీరైటూ ఆస్తే. పెద్దకొడుకు ఒక్కడే సంతకం పెట్టి ఇచ్చే అనుమతి తర్వాత తగాదాకు దారి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. 1995 నుంచి చేసుకున్న ఒప్పందంలో గడువు రాయకపోతే అయిదేళ్లే అని అర్థం. ఆనాటి నవలలు చాలావరకు అంతకుముందువి కాబట్టి, పాత ఒప్పంద కాగితం దొరకడం ముఖ్యం. కథను టీవీ సీరియల్‌గా మార్చి రచయిత్రి పరువు తీసే రీతిలో వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కూ వారసులకుంది.

తెలుగు వారసులకు మరో చిక్కు పత్రికల సీరియల్. నవల ముందు వార, మాస పత్రికల్లో వారాల తరబడి, నెలల తరబడి నడిచేది. చేతిరాత ప్రతి పత్రిక ఆఫీసుకు వెళితే వెనక్కి రావడం అరుదు. పుస్తకంగా వచ్చేటప్పుడు కొన్ని భాగాలు తగ్గేవి, కొన్ని మారేవి. పుస్తకంగా రానివీ ఉన్నాయి. వాటికి మిగిలిన సాక్ష్యం కొన్నిచోట్ల పాఠకురాళ్లు పత్రికలోంచి పేజీలు చించి, దారంతో కుట్టి, అట్ట వేయించుకున్న బైండు పుస్తకాలే. ఒకవైపు కథ, వెనకవైపు సగం తెగిన సబ్బు ప్రకటన. బొమ్మ వేసిన చిత్రకారుడి సంతకం, ఏ వారం ఎక్కడ ఆగిందో చెప్పే ‘ఇంకా ఉంది’ అందులోనే దొరుకుతాయి. హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనంలోనూ పాత పత్రికలున్నాయి. అయినా ప్రతి సంచికా అక్కడే దొరుకుతుందన్న భరోసా లేదు. అమ్మమ్మ అలమరలో ఇలాంటి బైండు ఉన్నవాళ్లు దాన్ని తూకానికి వేసేముందు పత్రిక పేరూ, సంవత్సరమూ చూసి, ఆ రచయిత్రి పిల్లలకు గానీ దగ్గరున్న గ్రంథాలయానికి గానీ ఒక కబురు పెట్టండి.