గాలి సోకిన నవలలు

మన భాషలో దయ్యానికి ముద్దుపేరు గాలి. "పిల్లకి గాలి సోకింది" అన్నారంటే కిటికీ వెయ్యమని కాదు, వేపమండలవాణ్ణి పిలవమని. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందేమోనని భయం కాబోలు, పెద్దవాళ్లు దయ్యం అనే మాట నోట రానివ్వకుండా గాలీ ధూళీ అని సరిపెట్టేసేవారు. తమాషా ఏమిటంటే ఇటలీ వాళ్లూ ఇదే పని చేశారు. చిత్తడి నేలల పక్కన కాపురం ఉన్నవాళ్లకి వణుకుతో జ్వరం వస్తూంటే, దానికి "చెడ్డగాలి" అని పేరు పెట్టారు. వాళ్ల భాషలో ఆ మాటే మలేరియా. వాళ్ల గాలీ మన గాలీ ఒకటి కాదు గాని, కంటికి కనబడని దాని మీదికి నేరం తోసెయ్యడంలో ఇద్దరమూ ఒక బళ్లోనే చదువుకున్నాం.

ఆ చెడ్డగాలి గుట్టు బయటపడింది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపు కోసి చూసి, మలేరియా క్రిమి అందులో పెరుగుతోందని కనుక్కున్నాడు. ఎనభై ఏళ్లు దాటాక, 1980ల తొలిరోజుల్లో, ఇదే ఊరినుంచి వెలువడిన ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" సీరియల్‌గా వచ్చింది. వదిలిపోయిన గాలి మళ్లీ ఇళ్లలోకి దూరింది. ఒక ఊరివాళ్లన్న చుట్టరికం తప్ప ఆ దోమకీ ఈ నవలకీ ఏం సంబంధం అనవచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే మన దయ్యాల నవలల్లో కొరత ఏమిటో తెలుస్తుందని నా ఉద్దేశం.

ముందు నవలకి దక్కాల్సిన మర్యాద దక్కనివ్వాలి. అంతవరకూ మన దయ్యాలు ఊరి చివర మర్రిచెట్టు దిగి ఎరగవు. సినిమాల్లో విఠలాచార్యగారి దయ్యాలు కట్టెలకు బదులు పొయ్యిలో కాళ్లు పెట్టి వంట చేసుకునేవి. వాటిని చూసి పిల్లలు కూడా నవ్వేవాళ్లు. యండమూరి ఆ దయ్యాన్ని చెట్టు మీంచి దింపి, డాక్టర్లూ హిప్నాటిస్టులూ వచ్చిపోయే ఇంట్లో, తులసి అనే పసిపిల్ల మంచం పక్కన నిలబెట్టారు. అమెరికాలో 1971లో "ఎగ్జార్సిస్ట్" నవలా, 1973లో దాని సినిమా చేసిన పని కూడా అదే. బిడ్డకి జ్వరం వస్తే భయపడని తల్లి ఉండదు గనక ఆ భయం ఇక్కడా అంటుకుంది. వారం వారం ఎక్కడ ఆపాలో ఆయనకి తెలిసినట్టు మరొకరికి తెలియదు. రంగనాయకమ్మగారు ఆ నవలని చీల్చి చెండాడుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశారంటే, అది ఎంతమంది చేతుల్లో పడిందో ఊహించుకోండి.

నాకు పేచీ ఉన్నది దయ్యంతో కాదు. దయ్యం ఉన్న కథలన్నీ చెడ్డవంటే ప్రపంచ సాహిత్యంలో సగం చెత్తబుట్టలో వెయ్యాల్సి వస్తుంది. పేచీ అల్లా నవల చూపించే న్యాయబుద్ధితోనే. డాక్టరుకి ఒక కుర్చీ, మంత్రగాడికి ఒక కుర్చీ వేసి, ఇద్దరిచేతా వాదన చెప్పించి, తీర్పు మాత్రం పాఠకుడికి వదిలేస్తారు. పైకి ఎంత పెద్దమనిషి తరహాగా ఉంటుందో! కాని ఆ తక్కెడ మొదట్లోనే ఒక పక్కకి ఒరిగి ఉంది. మందు వేస్తే రోగం తగ్గకపోతే మందు ఓడిపోయినట్టు. మరి మంత్రం ఓడిపోయిందని ఎప్పుడు ఒప్పుకోవాలి? పారకపోతే ఉచ్చారణలో తప్పు, ముహూర్తంలో దోషం, అవతలి మంత్రగాడు గట్టివాడు. ఎన్నటికీ ఓడనని ముందే రాయించుకున్నవాడితో పందెం ఏమిటి?

రాస్ సంగతి చూడండి. దోమ వల్లనే జ్వరం వస్తోందేమోనని ఆయన గురువు పాట్రిక్ మాన్సన్ ఊహ. ఆ ఊహని పట్టుకుని రాస్ దాదాపు రెండేళ్లు దోమల్ని కోశాడు. వాటిలో ఏమీ కనబడలేదు. వెతుకుతున్నది తప్పు జాతి దోమల్లోనని అప్పటికి తెలియదు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి తన ఒంటి మీద వాటిని వాలనిచ్చి కుట్టించుకున్నాడు, దోమకి అణా చొప్పున. గదిలో ఉక్క. పంకా లాగిస్తే కోసి పెట్టిన దోమ ఎగిరిపోతుందని అదీ లేదు. చెమటకి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, కటకం పగిలి ఉంది. మిగిలిన ఒకటి రెండు దోమల్లో ఒకదాన్ని కోస్తే, కడుపు గోడలో నల్లటి చుక్కలున్న కణాలు కనిపించాయి. మర్నాడు కోసిన దోమలో అవి ఇంకాస్త పెరిగి ఉన్నాయి. మరుసటి ఏడాది కలకత్తాలో పిట్టల మీద ప్రయోగం చేసి, క్రిమి దోమ కాటుతోనే ఎక్కుతుందని తేల్చాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో నాకు నచ్చేది బహుమతి కాదు, ఏమీ కనబడని ఆ రెండేళ్లు. మన నవలల్లో మాంత్రికుడికి అలాంటి ఒక్క పూట కూడా ఉండదు.

ఆ మాటకొస్తే ఆత్మల్ని కూడా ఇలాగే పరీక్షకు కూర్చోబెట్టినవాళ్లు ఉన్నారు. 1850లలో ఇంగ్లండులో బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే ఆత్మలు బల్లని తిప్పుతున్నాయని ఒక పిచ్చి పుట్టింది. 1853లో మైకేల్ ఫారడే చేతులకీ బల్లకీ మధ్య మెత్తటి జిగురుతో అంటించిన అట్టముక్కలు పెట్టి, ముందు జరుగుతున్నది చేతులే, ఆ తరవాతే బల్ల అని చూపించాడు. పాపం, కూర్చున్నవాళ్లు మోసగాళ్లు కారు. తాము తోస్తున్నట్టు వాళ్లకే తెలియదు. జరుగుతున్నది కంటికి కనిపించేట్టు ఒక పుల్ల అమర్చగానే బల్ల కదలడం మానేసింది. మన హాస్టళ్లలో పరీక్షలముందు నాణెం మీద వేలు పెట్టి ఆత్మల్ని పిలిచే పిల్లలకి ఈ కథ ఎవరైనా చెబితే బాగుండును.

నిద్రలో గుండెల మీద దయ్యం కూర్చోవడం మరీ విచిత్రం. కలలు కనేవేళ మనం లేచి పరుగెత్తకుండా మెదడు ఒళ్లంతటికీ తాళం వేస్తుంది. అప్పుడప్పుడు తాళం తియ్యకముందే మెలకువ వచ్చేస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, గది కనిపిస్తూనే ఉంటుంది, కల మాత్రం ఇంకా పూర్తికాదు. కేక వేద్దామంటే గొంతు పెగలదు, ఛాతీ మీద బరువు, గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు. నిజంగా అనుభవించినవాణ్ణి పట్టుకుని అబద్ధాలకోరు అనడం అన్యాయం. వాడు చూశాడు. చూసింది గదిలో లేదు, అంతే. కాష్మోరా కంటే ఇది వెయ్యి రెట్లు భయం గొలిపే సంగతి కాదూ?

"కథని కథలా చదవండి, అంత చాదస్తం దేనికి?" అంటారు. చదవవచ్చు. కాని బాణామతి చేశారన్న అనుమానంతో ఊరంతా చేరి మనుషుల పళ్లు రాళ్లతో ఊడగొట్టిన సంఘటనలు మన తెలంగాణ పల్లెల్లో జరిగాయి. పళ్లు పోతే మంత్రం సరిగ్గా పలకదని వాళ్ల లెక్క. కొట్టి చంపిన ఘటనలూ ఉన్నాయి. వాళ్లు నవల చదివి ఆ పని చేశారని నేను అనను, చదువు లేనివాళ్లే ఎక్కువ. చదువుకున్నవాళ్లం మనం ఏం చేశామన్నదే ప్రశ్న. "సైన్సుకి అందనివి ఉన్నాయండీ" అని తల పంకించి ఊరుకునే అలవాటు చేసుకున్నాం. ఆ అలవాటుకి మన సీరియల్స్ వారం వారం నీళ్లు పోశాయి. అవతల మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద చట్టం కావాలని ఏళ్ల తరబడి తిరిగిన నరేంద్ర దభోల్కర్‌ని 2013లో పుణెలో కాల్చి చంపారు. ఆ రోజూ ఆగస్టు 20. చట్టం వచ్చింది, ఆయన పోయాక.

కొత్తగా రాసేవాళ్లకి దయ్యాలు వద్దని ఎవరూ అనడం లేదు. కానీ బేగంపేట గది కూడా ఉంది. ఉక్కపోస్తున్న ఆగస్టు, జ్వరంతో వణుకుతూ దోమలకి చెయ్యి అప్పగించిన హుసేన్ ఖాన్. అణాలు లెక్కపెట్టుకుంటూ, ఈ దొరకి ఏ గాలి సోకిందో అని అతను అనుకునే ఉంటాడు.