ఇస్సా ఇంట్లో ఒక ఏడాది

కొత్త ఏడాది వచ్చినా కొబయాషి ఇస్సా వాకిట్లో పైన్ కొమ్మలు కట్టలేదు, ఇంటి బూజు దులపలేదు. జపాన్‌లో షినానో కొండల నడుమ కాషివబర ఆయన ఊరు. గాలి వీస్తే ఎగిరిపోయే కొంప కొంపలాగే ఉండనిమ్మని, ఈసారి పండగ అంతంతమాత్రమేనని రాసుకున్నాడు. అది 1819. ఆ ఏడాది పొడుగునా ఇంట్లో, ఇంటిచుట్టూ చూసినవాటితో అల్లిన పుస్తకం ‘ఒరా గ హరు’, అంటే ‘నా వసంతం’. మనకు ఉగాదితో వసంతం మొదలైనట్టే పాత జపాన్ పంచాంగంలోనూ కొత్త ఏడాదే వసంతం. ఇస్సా పోయిన చాలా ఏళ్ళకు, 1852లో గానీ అది అచ్చు కాలేదు.

ఆ పుస్తకంలోలా వచనం రాస్తూ మధ్యమధ్య హైకు నిలిపే పద్ధతి పేరు హైబున్. దీనికి ఇంత గౌరవం తెచ్చినవాడు మత్సువొ బషో (1644–1694). 1689 వసంతంలో ఇప్పటి టోక్యో అయిన ఎదో నుంచి శిష్యుడు సొరతో ఉత్తరాదికి బయల్దేరి, శరత్తులో ఒగాకి చేరాడు. ఆ యాత్ర మీద రాసిన పుస్తకాన్ని తర్వాత ఏళ్ళ తరబడి చెక్కాడు. సొర డైరీ 1943లో బయటపడ్డాక, గురువు జరిగింది జరిగినట్టు రాయలేదని తేలిపోయింది. ఇచిబురి సత్రంలో పక్కగదిలోంచి ఇద్దరు వేశ్యల మాటలు వినపడ్డ ఘట్టం శిష్యుడి డైరీలో లేనేలేదు. దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. హైబున్ దినచర్య కాదు. కాలం, మనసు ఒకచోట కలిసిన క్షణాలను ఏరి, వాటిని తీర్చిదిద్దే పని అది. కీచురాళ్ళ రొద మీద బషో రాసిన ప్రసిద్ధమైన హైకు తొలి పాఠంలో కొండగుడి ప్రస్తావన ఉండేది. చివరికి గుడి పోయింది, ఆ చోట నిశ్శబ్దం చేరింది.

ఈ రచనకు ఆయువుపట్టు ఋతువును సూచించే మాట. హైకులో కప్ప కనిపిస్తే వసంతం, కీచురాయి వినిపిస్తే గ్రీష్మం, మంచుబిందువు మెరిస్తే శరత్తు. ఇలాంటి మాటలను ఋతువుల వారీగా కూర్చిన నిఘంటువులే ఉన్నాయి, వాటిని సైజికి అంటారు. తెలుగువాడికి ఇది కొత్త సంగతేమీ కాదు. రోహిణి కార్తె అంటే చాలు, రోళ్ళు పగిలే ఎండ కళ్ళముందు నిలుస్తుంది. మృగశిర అనగానే తొలకరి వాసన తగులుతుంది. ఇక వివరించే పని లేదు.

రెండో సూత్రం ఇంకా కష్టం. వచనం చెప్పిందే హైకు మళ్ళీ చెప్పకూడదు. రెంటి మధ్యా కాస్త ఖాళీ వదలాలి, దాన్ని పాఠకుడే దాటాలి.

ఇస్సా ఈ రెండూ ఎంత బాగా చేశాడో చూడాలంటే ఆయన చిన్నారి కూతురు సాతో దగ్గరికి వెళ్ళాలి. అంతకుముందు ఏడాది పుట్టింది. ఎవరో పిల్లాడి చేతిలో గాలిపంకా చూసి కావాలని మారాం చేస్తే తెచ్చి ఇచ్చారు. నోట్లో పెట్టుకుని చప్పరించి, వెంటనే అవతల పారేసింది. గిన్నె పగలగొట్టింది. అదీ విసుగొచ్చి తలుపుకు అంటించిన పల్చటి కాగితం చింపడం మొదలుపెడితే, తండ్రి ‘భలే భలే’ అన్నాడు. నిజమే అనుకుని పకపకా నవ్వుతూ ఇంకా చింపింది. పాప పడుకుంటేనే తల్లికి వంటా, ఇల్లు ఊడవడమూ. లేచి ఏడిస్తే పరుగున వెళ్ళి రొమ్ము అందించాలి. అక్కడ వచ్చే హైకులో ఆ ముద్దుమురిపాల ఊసే లేదు. పాలిస్తూ తల్లి బిడ్డ ఒంటి మీది పురుగుకాట్లను లెక్కపెట్టుకోవడం ఒక్కటే ఉంది. ఆ పురుగుతోనే వేసవి ఇంట్లోకి వచ్చేసింది.

తర్వాత పాపకు మశూచి సోకింది. మన ఊళ్ళలో అమ్మవారు పోసిందని చెప్పుకుని, చల్లబడ్డాక సాగనంపినట్టే, అక్కడా పొక్కులు ఎండగానే గడ్డితో అల్లిన చిన్న మూత చేసి, వేడినీళ్ళలో సాకె కలిపి చల్లి, దేవతను పంపించారు. అయినా బిడ్డ నీరసించిపోయింది. ఆరో నెల 21న కన్నుమూసింది. పొద్దున పూసి వాడిపోయే తీగపువ్వుతో పాటే పోయిందని తండ్రి రాశాడు. జారిపోయిన నీళ్ళు తిరిగి రావని తెలిసినా మమకారం తెగదన్నాడు.

ఆ తర్వాతి హైకు మంచుబిందువు గురించి. బతుకు మంచుబిందువంటిదని బౌద్ధం చెప్పింది, ఇస్సాకీ తెలుసు. ఆ మాట ఒప్పుకుంటూనే, ‘అయినా’ అంటూ వాక్యం పూర్తి చేయకుండా ఆపేశాడు. శరత్తును తెచ్చే ఆ ఒక్క మాటలో వేదాంతమూ ఉంది, బయటి తోటలో నిజంగా పడుతున్న మంచూ ఉంది. రెండూ ఉన్నాయి కాబట్టే ఆ ‘అయినా’కి అంత బరువు. ఒక ఇంటి గోడు ఇన్నేళ్ళ తర్వాత, ఇంత దూరాన, మరో భాషవాళ్ళ గొంతుకు అడ్డుపడుతున్నదంటే అది ఈ పద్ధతి గొప్పతనమే.

తెలుగులోకి హైకు ఎప్పుడో వచ్చింది. ఇస్మాయిల్ (1928–2003) ‘కప్పల నిశ్శబ్దం’తో దానికి మంచి ఇల్లు కట్టారు. దాని తోడబుట్టిన వచనానికి మాత్రం మనం అంత చోటివ్వలేదు. ముడిసరుక్కి లోటేమీ లేదు. ఆరుద్ర కార్తెలో తడి ఇసుక మీద పాకే ఎర్రటి మఖమలు పురుగు, ఆవకాయ జాడీకి వాసెన కట్టే రోజు, ధనుర్మాసపు తెల్లవారుజామున వాకిట్లో తడిసిన ముగ్గు, వీటిలో ఏ ఒక్కదాని పక్కనైనా ఆ ఇంటి మనిషి ఆనాటి సంగతి నాలుగు వాక్యాల్లో రాసి, ఆపైన మూడు పాదాలు చేర్చవచ్చు.