ఆది రవిక

దర్జీకి రవికగుడ్డ నిచ్చునప్పుడు దానితోపాటు ఇంటనున్న పాత రవిక నొకదానిని మడచి యిచ్చి, "ఇదే ఆది, ఇలాగే కుట్టు" అని చెప్పి వచ్చుట మన స్త్రీలలో చిరకాలముగా నడచుచున్న పద్ధతి. ఒంటిపై టేపు పెట్టించుకొనుటకు సంకోచించిన కాలమున పుట్టినదేమో, సంకోచము తీరిన పిమ్మటను సౌకర్యముకొరకు నిలిచియున్నది. ఇరువదియైదేండ్ల యువతికి ఇందువలన వాటిల్లు నష్టము స్వల్పము. అరువది దాటిన స్త్రీ విషయమున మాత్రము ఈ ఆది రవిక చేయు అపకారము ఇంతింత యనరానిది. ఆ రవిక చక్కగా కుదిరినది గనుక దాచుకొన్నది. దాచుకొన్నది గనుక పాతది. అది ఏ శరీరమునకు కుదిరినదో ఆ శరీరము నేడు లేదు. లేని కొలతలతో కుట్టిన క్రొత్త రవిక చంకలో పట్టి, భుజముపైనుండి జారి, వీపున పైకెగబ్రాకుచుండగా, "వయసు మీద పడింది, ఏం తొడుక్కున్నా ఇంతే" అని ఆమె తన్ను తానే నిందించుకొనును గాని, తప్పు ఆదిదని ఆమెకు తోచదు, దర్జీకి అంతకన్నను తోచదు.

వయసుతో స్త్రీదేహమున కలుగు మార్పులు రహస్యములు కావు. ముట్లుడిగిన తరువాత ఎముకల బలము త్వరితముగా తగ్గును. వెన్నుపూసలు క్రుంగి మనిషి కొంత పొట్టియగుటయు, వీపు పైభాగము వంగి భుజములు ముందునకు వచ్చుటయు చాలమందికి తప్పదు. తుంటియందున్న కొవ్వు పొట్టకు తరలును. దండచేతి కండ సడలును. ఛాతీకొలత అంకెలో మారకపోయినను దాని స్థానము క్రిందికి దిగును. రవిక విషయమున అన్నింటికన్న ముఖ్యమైనది వీపు వంపు. వీపు వంగినప్పుడు మెడవెనుక ఎముకనుండి నడుమువరకు గల పొడవు పెరుగును, భుజమునుండి ముందువైపు నడుమువరకు గల పొడవు తరుగును. కావున పాత ఆదితో కుట్టిన రవికకు వెనుక గుడ్డ చాలదు, ముందు గుడ్డ మిగిలి ముడుతలు పడును. మెడ వెనుక లోతుగా కోసినచో ఇక చెప్పనక్కరలేదు, భుజము రెండువైపులను జారుచునే యుండును. ఇంత తేటతెల్లమైన విషయము కుట్టుపని నేర్చుకొన్న వారిలో ఎక్కువమందికి ఎందులకు తెలియకపోయెనని ఆలోచించితిని. వారు నేర్చుకొన్న కొలతలన్నియు నిటారుగా నిలుచున్న పడుచుపిల్లవి.

మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకొని జీవించు ఒక ఇల్లాలు కలదు. ఆమెయొద్దకు మా అక్కయ్య ఆది రవికతో పోగా, దానిని విప్పియైనను చూడక తిరిగి సంచిలో పెట్టి, "దీన్ని ఇంటికి పట్టుకెళ్ళండి అత్తయ్యగారూ, మీరొచ్చారుగా, చాలు" అన్నది. అక్కయ్య కొలతలకు సిద్ధపడి ఊపిరి బిగబట్టి నిటారుగా నిలువబడినది. "అలా కాదండీ, రోజూ వంటింట్లో ఎలా నిలబడతారో అలా నిలబడండి. మీరు నా ఎదుట నిలబడ్డప్పుడు వేసుకునేందుకా నేను కుట్టేది!" అని ఆ ఇల్లాలు నవ్వి, అక్కయ్య భుజములు తమ సహజస్థితికి దిగువరకు ఊరకుండి, అప్పుడు టేపు తీసినది. మెడ ఎముకనుండి వీపు పొడవు వేరుగా, ముందు పొడవు వేరుగా తీసినది. రెండు భుజములను విడివిడిగా కొలిచినది. కుడిభుజము దిగియున్నదని నలువదియేండ్లు కలిసి బ్రతికిన బావగారికిని తెలియదు, ఆమెకు టేపుతో తెలిసినది. చేయి మడిపించి మోచేతివరకు కొలిచినది. పిదప చేయి వెనుకకు త్రిప్పుడని అడిగినది. చక్కెరవ్యాధి గలవారికి తరచుగా వచ్చు భుజపు పట్టు అక్కయ్యకును కలదు గనుక ఆ చేయి నడుముదాటి వెనుకకు పోలేదు. "హుక్కులు ముందే పెడతానండీ. సన్నవి ఆరు వద్దు, పెద్దవి నాలుగు చాలు. కాజాలు కూడా కాస్త వెడల్పుగా తీస్తాను" అని నోటుపుస్తకమున వ్రాసికొన్నది. చీరతో వచ్చిన గుడ్డను చూచి తల అడ్డముగా ఊపినది. చీరకు చివర వచ్చు ఆ ఎనుబది సెంటీమీటర్ల ముక్క మోచేతి చేతులకును, పెద్ద కొలతకును చాలదు. జరీ నేసినదైనచో ఒంటికి గుచ్చుకొనును. మ్యాచింగ్ సెంటరుకు పోయి మీటరు టూ బై టూ రుబియా తెచ్చుకొనుడని చెప్పినది. లోపల కుట్టు ప్రక్కల అంగుళమున్నర వదలెదనని మాట యిచ్చినది. కుట్టుకూలి ఇతరులకన్న ఎక్కువ అడిగినది. మా అక్కయ్య బేరమాడక మానలేదు, ఆమె తగ్గించనూ లేదు. నా దృష్టిలో అది న్యాయమైన కూలి.

మా చిన్ననాట పల్లెలలో ముసలమ్మలు తొడుగుకొనిన ముడి రవికకు హుక్కులు లేవు, కాజాలు లేవు. ముందు రెండు కొసలు లాగి ముడివేసికొందురు. ఒళ్ళు వచ్చిన నాడు ముడి కొసకు జరుగును, చిక్కిన నాడు లోపలికి జరుగును. దానిని మోటుదని ఈసడించి మనము విడిచిపెట్టితిమి. వ్రేళ్ళ కణుపులు వాచి హుక్కు దొరకని ఉదయమున దాని విలువ తెలియును.

రవికకు కొలతలుండును గాని చీరకు కొలతలతో పనిలేదని, చీర ఎవరికైనను కుదురునని అందురు. ఈ మాటను నేను సగమే అంగీకరింతును. అయిదున్నర మీటర్ల పొడవును, నలువదియైదు నలువదియేడంగుళముల పన్నాయును గల చీర, వెన్ను క్రుంగి పొట్టియైన స్త్రీకి నడుమువద్ద అధికముగా దోపవలసివచ్చును. ఆ దోపిన మందమంతయు, వద్దనుకొన్న చోటనే, పొట్టపై చేరును. దోపనిచో కుచ్చిళ్ళు కాలిక్రింద పడును. ముదిమిలో కాలు తట్టుకొని పడుట వట్టి పాటు కాదు, తుంటియెముక విరుగుటకు అదియొక మార్గము. ఇక బరువు సంగతి. నిండు జరీ పట్టుచీర కిలోకు చేరువగా తూగునది కలదు. దాని కొంగు బరువంతయు ఒక భుజముపై మోసికొని పెండ్లిపందిరిలో సాయంత్రమంతయు కూర్చుండిన అమ్మమ్మలు మరునాడు మెడ త్రిప్పలేక పడు యాతన ఎరుగని ఇల్లు లేదు. చీర ధర అడుగుదురు, రంగు నిలుచునా యని అడుగుదురు. బరువెంతయని అడుగగా నేను వినలేదు. అడుగవలసిన మొదటి ప్రశ్న అదియే. పేరుపొందిన దుకాణమైనను సరే, కొంగు భుజముపై వేయించుకొని, కాఫీ త్రాగునంతసేపు అట్లే కూర్చుండి చూచి, అప్పుడు కొనవలెను.

ఈ దృష్టితో చూచినచో మన నేతగాండ్రు మనకెంత మేలు చేసియున్నారో తెలియును. ఒక పౌను నూలులో 840 గజముల చిలపలు ఎన్ని వచ్చునో అది ఆ నూలు నంబరు. నంబరు పెరిగినకొలది దారము సన్నము. వెంకటగిరి నేతలో నూరవ నంబరు నూలుతో నేసిన చీర కట్టుకొన్నట్టుండదు, కట్టుకొనకపోయినట్టునుండదు. మంగళగిరి చీర గుంటమగ్గముపై బిగువుగా నేసినది, కాస్త బరువు. క్రొత్తలో గంజికి ఉబ్బి లావైన మనిషిని మరికొంత లావుగా చూపును గాని, నాలుగు ఉతుకులు పడిన తరువాత దానంత విధేయమైనది లేదు. శుభకార్యములకు పట్టు తప్పదనువారికి గద్వాల చీర చూపింతును: ఒడలు నూలు, అంచును కొంగును పట్టు, చూచువారికి పట్టుచీర, కట్టినవారికి నూలుచీర. వాలుగచేప దవడ ఎముకతో దూది ఏకి చేతితో వడికిన పొందూరు ఖద్దరు వేసవిలో వృద్ధుల చర్మమునకు చేయు ఉపకారము గొప్పదే; ధర కూడ గొప్పదే. కృత్రిమపు దారముతో నేసిన చీరలు తేలికయనియు, ఇస్త్రీ అక్కరలేదనియు మెచ్చుకొనువారు కలరు. తేలికయే గాని అవి భుజముపై నిలువవు, చెమట పీల్చవు. పిన్నీసులతో బంధించి ఉంచవలసిన వస్త్రము నాకు నచ్చదు. కుచ్చిళ్ళు ముందే కుట్టి హుక్కు పెట్టిన చీరలను మాత్రము మా తరమువారు నవ్వినను నేను సమర్థింతును. వంగి కుచ్చిళ్ళు సరిదిద్దుకొనలేని దానికి ఆ కుట్టు ఆక్షేపణీయము కాదు.

చీరక్రింది లంగాను గూర్చి ఎవ్వరును మాటాడరు గనుక ఒక మాట చెప్పవలెను. చీర జారకుండ సన్నని బొందును బిగించి, అదే గీతమీద దశాబ్దములపాటు ముడివేయుట మన అలవాటు. 2024లో వార్ధా, మధుబని వైద్యులు ఇద్దరు వృద్ధస్త్రీలకు నడుమున బిగువుగా కట్టిన కట్టు రాపిడి చోటనే మానని పుండు పడి అది చర్మపు క్యాన్సరుగా మారిన సంగతిని వైద్యపత్రికలో ప్రకటించిరి. అది అరుదైన విషయమే, భయపడనక్కరలేదు. కాని నడుమున నల్లని మచ్చయో, పొలుసులో, పుండో కనబడినచో దాచుకొనక వైద్యునకు చూపవలెను. బొందు మాని వెడల్పు పట్టీ కుట్టించుకొనుట దర్జీకి పది నిమిషముల పని.

ఇక దుకాణము. ఆమధ్య విజయవాడలో ఒక పెద్ద దుకాణమునకు అక్కయ్యతోను, ఆమె కూతురుతోను పోయితిని. చీరలు తీయు కుఱ్ఱవాడు అక్కయ్యను చూచి, మా మేనకోడలివైపు తిరిగి, "మామ్మగారికాండీ? అయితే లైట్ కలర్సు తీస్తానండీ" అని బూడిదరంగులు, గోధుమరంగులు, వెలిసిన గంధపురంగులు గుట్టగా పోసినాడు. "కట్టుకునేది నేను నాయనా, నన్నడుగు" అన్నది అక్కయ్య. "ఏం కలర్ చూపించమంటారండీ?" "మిరపపండు." కుఱ్ఱవాడు మరల మేనకోడలి ముఖము చూచినాడు. ఆ పిల్ల ఏమియు తెలియనట్లు పైకప్పును చూచినది. నేనామెను మనసులో మెచ్చుకొంటిని. మిరపపండు రంగుపై సన్నని ఆకుపచ్చ అంచు గల చీర వచ్చినది. తెల్లని జుట్టు ప్రక్కన ఆ ఎరుపు ఎంత నిండుగా వెలిగినదో చెప్పలేను. జుట్టు నెరసిన పిమ్మట ముఖమునకు రంగు కావలెను. వెలిసిన జుట్టుకు వెలిసిన చీర కట్టినచో మనిషియే వెలిసినట్లు కనబడును.

ఆ కుఱ్ఱవాని తప్పేమియు లేదు. అతనికి ఆ రంగులను నేర్పినది దుకాణము, దుకాణమునకు నేర్పినది మనము. వృద్ధస్త్రీ యనగా విధవ, విధవ యనగా రంగు లేనిది అను లెక్క ఒకప్పుడు ఈ దేశమున నిష్ఠురముగా అమలైనది. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులుగారు తెలుగునాట తొలి వితంతువివాహము జరిపించిరి. నాటినుండి నేటివరకు ఆచారములెన్నియో సడలినవి. దుకాణపు అరలలో మాత్రము "పెద్దవాళ్ళ చీరలు" అను వేరు అర ఇంకను నిలిచియున్నది. ఆ అరకు ఆది ఎవ్వరిదో, ఎన్నడు తీసిన కొలతయో ఎవరును విచారింపరు. లేతరంగులు ఇష్టమైనవారు నిరభ్యంతరముగా కట్టుకొందురు గాక. ఎన్నుకొనుట వేరు, తీసి ముందు పోయుట వేరు.

రంగు ఎన్నుకొనుటలో కంటికి సంబంధించిన చిక్కు ఒకటి కలదు. వయసుతో కంటిలోని కటకము పసుపుబారును, నీలివన్నెలు మందగించును. నలుపును ముదురునీలమును వేరుచేయుట కష్టమగును. శుక్లములకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చి బీరువా తెరచి, ఈ చీర ఇంత నీలమా యని ఆశ్చర్యపడినవారు నాకు తెలియును. దుకాణముల తెల్లని దీపముల క్రింద ఈ చిక్కు ఇనుమడించును. గుమ్మమువరకు తెచ్చి పగటివెలుతురులో చూపుమన్నచో విసుగుకొనని దుకాణదారుడు నిజమైన వ్యాపారి. పూర్వము పరుపులపై కూర్చుండబెట్టి చూపెడివారు, మోకాళ్ళు అందుకు ఒప్పవు. ఇప్పుడు బల్లముందు నిలువబెట్టి చూపుచున్నారు, అందుకును ఒప్పవు. చేతులున్న కుర్చీలు రెండు వేయుటకు అద్దె పెరుగదు.

బిడ్డలయొద్దకు అమెరికా పోయి ఆరునెలలు గడపి వచ్చు తల్లుల సంగతి వేరొకటి. చీరమీద స్వెట్టరు, కాళ్ళకు మేజోళ్ళు, బూట్లు ధరించి మంచులో నడచుటకన్న పంజాబీ డ్రెస్సు మేలని వారు అచ్చట గ్రహింతురు. కాని సిద్ధముగా దొరకు కుర్తీలు ఛాతీకొలతనుబట్టి కుట్టినవి. ఛాతీకి సరిపోయినది పొట్టకు చాలదు, పొట్టకు సరిపోయినది భుజము దిగిపోవును. పోవుటకు ముందు ఇచ్చటనే, ప్రక్కచీలికలు తుంటిపైనుండి మొదలగునట్లును, ఒక జేబు ఉండునట్లును నాలుగు జతలు కుట్టించుకొనుట ఉత్తమము. ఆ జేబు మరువవలదు. కళ్ళజోడునకు అచ్చట కొంగు ఉండదు.

దసరాకు అమ్మకో అత్తగారికో చీర పెట్టదలచిన పాఠకులకు నా మనవి యొకటి. చీర ధరలో కొంత తగ్గించి, మీటరు రుబియాకును, కొలతలు తీయు దర్జీ కూలికిని ఆ సొమ్ము కేటాయింపుడు. చీర మీరు కొని తేవలదు. ఆమెను పగటిపూట దుకాణమునకు తీసికొనిపొండు. అక్కడ కుఱ్ఱవాడు మీ ముఖము చూచినప్పుడు మీరు పైకప్పును చూడుడు.